బురుజు మీద నిలబడ్డ రాణి

మీటింగుకి కుర్చీలు చాలలేదు. మునిసిపల్ ఆఫీసు మేడమీది గది అది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి ఎటు పోతోందో దానికే తెలియాలి. విగ్రహం కమిటీ వాళ్ళు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు కలిసి ఉన్న కుర్చీలన్నీ నింపేశారు. నేనూ అక్కా ఓ మూల పక్కపక్కన కూర్చున్నాం. చరిత్ర మేష్టారు ఆలస్యంగా వచ్చి గుమ్మంలో దిక్కులు చూశారో లేదో, అక్క లేచి నిలబడింది.

"మీరు కూర్చోండి మేష్టారూ. నేను నిలబడతాలెండి."

ఆ మాట అక్క నోట వినీ వినీ నా చెవులు కాయలు కాచాయి. బస్సులో అదే, ఆసుపత్రిలో అదే, చివరికి మా ఇంటికి ఎవరైనా వచ్చినా అదే. అక్క బట్టల షాపులో పని చేస్తుంది. అమ్మేవాళ్ళు కూర్చుంటే వ్యాపారం పడుకున్నట్టు కనిపిస్తుందని యజమాని స్టూళ్ళన్నీ తీయించేశాడు. మెట్ల కింద మాత్రం ఒక పాత చెక్కపెట్టె మిగిలింది. ఎవరికి కాళ్ళు లాగినా అక్క వాళ్ళని ఆ పెట్టె మీదికి తరిమి వాళ్ళ కౌంటరు కూడా తనే చూసుకుంటుంది. తను ఆ పెట్టె మీద కూర్చోగా చూసినవాళ్ళు లేరు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలి ఉంటాయి. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆ కాళ్ళే. బొమ్మలు చేసే చదువు చదువుతానంటే చుట్టాలంతా నోరు నొక్కుకున్నారు. అక్క మాత్రం ఫీజు ఎక్కడ కట్టాలని అడిగింది.

అందుకే ఈ విగ్రహం పని నాకు కావాల్సి వచ్చింది. కళ కోసం అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అంత ఓపిక నాకు లేదు. ఈ పని పూర్తయి డబ్బు చేతికొస్తే అక్క షాపు మానేస్తుంది. ఆ మాట ముందే తీసుకున్నాను. బయానా అందిన రోజునే ఒక వాలుకుర్చీ కొని నా పనిగదిలో కిటికీ పక్కన వేశాను. అక్క దాని చేతులు తుడిచి, బాగుందే అని, నన్ను కూర్చోబెట్టి తను పక్కన నిలబడి చూసింది.

మా ఊరికి ఒక రాణి ఉండేది. వందల ఏళ్ళ కిందటి మాట. పెద్ద కాలువ ఆవిడ తవ్వించిందే, ఊరి చుట్టూ ఉన్న గోడ ఆవిడ కట్టించిందే. శత్రువులు ఊరిని ముట్టడించినప్పుడు ఆవిడ బురుజు మీదికెక్కి నిలబడిందట. కింద జనం ఎప్పుడు తలెత్తి చూసినా రాణి కనిపించాలి, గుండె ధైర్యం పోకూడదని. పగలూ రాత్రీ అలాగే నిలబడిందట. ఆవిడ నిలబడ్డంత కాలం ఊరు నిలబడింది. పిల్లల పాఠ్యపుస్తకంలో ఉన్నది ఇంతవరకే.

నేను గీసిన బొమ్మలో రాణి బురుజు రాళ్ళ మీద కూర్చుని ఉంది. యుద్ధం అయిపోయింది, ఇక కూర్చుంది, అంతే. ఆ మీటింగులో కమిటీ చైర్మన్ గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మన రాణి కూర్చోవడం ఏంటమ్మా? ఆవిడ గొప్పతనమే నిలబడ్డం కదా. నిలబెట్టండి. చేతిలో ఈటె పెట్టండి. కింద 'అలసట ఎరుగని రాణి' అని చెక్కిస్తున్నాం, రాయి కూడా వచ్చేసింది."

రాయి వచ్చేశాక ఇక మాట్లాడేదేముంది? కమిటీ అంతా బల్ల చరిచి ఒప్పుకుంది. మెట్లు దిగుతుంటే చరిత్ర మేష్టారు మాతో పాటు నడుస్తూ, పాఠంలో వేయని ముక్క ఒకటి చెప్పారు. ముట్టడి మధ్యలోనే రాణి చనిపోయిందట. జ్వరంతో, నిలబడే. జనం జడుస్తారని మంత్రులు ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. ఆవిడ ఒంటిని ఒక కొయ్యకి కట్టి, చేతికి ఈటె ఇచ్చి, శత్రువు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబెట్టి ఉంచారు.

"పోయాక కూడా కూర్చోనివ్వలేదన్నమాట," అంది అక్క.

మేష్టారు తలూపారు.

*

రాణి ఎలా ఉండేదో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. కమిటీవాళ్ళు నమూనాగా పంపిన ఫోటోలన్నీ సినిమా తారలవి. వాటిని పక్కన పడేసి అక్కని అడిగాను. నిలబడ్డం తెలిసిన మనిషి కావాలి నాకు. అక్క కంటే తెలిసినవాళ్ళెవరు?

రోజంతా షాపులో నిలబడి వచ్చిన మనిషిని మళ్ళీ నిలబెట్టడం నాకేమీ బాగనిపించలేదు. ఇదే ఆఖరు అనుకున్నాను. చిన్న చెక్కబల్ల మీద చేతిలో కర్ర పట్టుకుని అక్క నిలబడేది. నేను ఎదురుగా మట్టితో పని చేసేదాన్ని. ముందు ఇనప పైపులతో అస్థిపంజరంలా కడతాం. దాని చుట్టూ తీగ చుట్టి, బంకమట్టి మెత్తుతాం. రాణి వెనక బురుజు రాళ్ళు కూడా మట్టితోనే చేశాను. మట్టి ఆరితే పగుళ్ళిస్తుంది కాబట్టి పని ఆపినప్పుడల్లా తడి గుడ్డలు కప్పి, పైన గోనె చుట్టి ఉంచాలి. మట్టి బొమ్మ తయారయ్యాక అచ్చు తీసి కంచుతో పోత పోస్తారు. గది నిండా ఎప్పుడూ తడిమట్టి వాసన, తడి గోనె వాసన. అలవాటైపోయి నాకవి తెలిసేవి కావు.

ఒక ఉదయం గుడ్డలు తీసేసరికి రాణి మోకాళ్ళు వంగి ఉన్నాయి. కొంచెమే. మట్టి బరువుకి పైపు జారిందనుకున్నాను. కొత్తవాళ్ళు చేసే తప్పు నేను చేసినందుకు నన్ను నేనే తిట్టుకుని, ఇంకో పైపు కలిపి బిగించాను. మర్నాడు మోకాళ్ళు ఇంకా వంగి ఉన్నాయి. వెల్డింగు మేస్త్రీని పిలిచి లావు పైపు వేయించాను. ఏనుగు ఎక్కినా వంగదని చెప్పి ఆయన వెళ్ళాడు. ఆ మర్నాడు నడుము కూడా వంగింది. పైపు ఎక్కడా విరగలేదు, చిట్లలేదు. మట్టి మీద పగులు లేదు. చేసినప్పుడే అలా చేసినట్టుంది.

నేను తిరిగి నిలబెట్టాను. పొద్దున్నే లేచి రాణిని నిలబెట్టడమే నా ఉద్యోగమైపోయింది. భుజాలు పట్టుకుని పైకెత్తుతుంటే మట్టి బరువులా ఉండేది కాదు. నిద్రమత్తులో ఉన్న మనిషిని లేపినట్టుండేది. నా నడుము పోయింది. చైర్మన్ గారు రోజూ ఫోన్ చేసి ఎంతవరకొచ్చిందని అడిగేవారు. నిలబడుతోందండీ అనేదాన్ని.

అక్క నిలబడి ఉండగా ఒకరోజు వెనక నుంచి మెల్లగా మాట వినిపించింది.

"ఇక కూర్చోనా?"

నేను రాణి చెవి దగ్గర పనిలో ఉన్నాను. తలెత్తకుండానే, ఇంకాసేపు ఓర్చుకో అక్కా అన్నాను. కాసేపటికి అక్క అంది, "ఏం ఓర్చుకోవాలే?"

"కూర్చోనా అన్నావుగా."

"నేనేం అనలేదే, చిన్నీ."

అలిసిపోయినప్పుడు మనసులో మాట తెలియకుండానే బయటికి వచ్చేస్తుందని సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక సంగతి మాత్రం మింగుడు పడలేదు. అక్క నా ఎదురుగా ఉంది. మాట నా వెనక నుంచి వచ్చింది. నా వెనక ఉన్నది గోడ.

*

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వర్షం మొదలైంది. ఇంకా పొద్దు ఉండగానే గది మసకబారింది. షట్టరు సగం దించి పని చేస్తున్నాం. కమిటీ మర్నాడు చూడ్డానికి వస్తోంది. రాణి ముఖం ఇంకా పూర్తి కాలేదు. అక్కకి ఆ రోజు షాపులో తీరిక లేదు, పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడ్డాయి. అయినా బల్లెక్కి కర్ర పట్టుకుంది. రాణి మెడ వంపు నా చేతికి చిక్కేసరికి కరెంటు పోయింది.

కదలొద్దు అక్కా, ఫోన్ వెతుకుతాను అన్నాను. చీకట్లో బల్ల మీద చేతులు పెట్టి తడుముతున్నాను. చేతులకి మట్టి, తడి గుడ్డ, సుత్తి, తీగ చుట్ట తగిలాయి. ఫోన్ తగల్లేదు.

రేకుల మీద వాన మోత. అది కాస్త తగ్గినప్పుడల్లా గదిలో ఇంకో చప్పుడు వినిపిస్తోంది. నేల మీద నీటి బొట్లు పడుతున్న చప్పుడు. గోనెలోంచి నీళ్ళు కారుతున్నాయనుకున్నాను. కానీ గోనె నేనింకా తడపలేదు...

వాసన మారింది. తడిమట్టి వాసన పోయింది. జ్వరంలో చెమట పట్టిన మనిషి పక్కన కూర్చుంటే వచ్చే వాసన అది. అమ్మ ఆఖరి రోజుల్లో మా ఇంటి నిండా అదే వాసన ఉండేది. నాకు బాగా తెలుసు.

చేతులు ఆగిపోయాయి.

"అక్కా..."

"ఊఁ."

"నీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

నా చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఎండిన గొంతుతో, ఎవరో అడిగారు.

"ఇక కూర్చోనా?"

నాకు అరుపు రాలేదు. అరవడానికి కూడా ఓపిక కావాలి. బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉండిపోయాను. ఆ గొంతులో కోపం లేదు. పగ లేదు. ఇన్నాళ్ళూ అడిగి అడిగి, ఎవరూ ఔననక, అయినా అడగడం మానలేని మనిషి గొంతు అది. భయం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అక్క మాట్లాడింది. షాపులో కొత్తగా చేరిన అమ్మాయితో మాట్లాడినట్టే.

"అయ్యో, ఎప్పట్నుంచి నిలబడ్డావో ఏమో. కూర్చోమ్మా. నేను నిలబడతాలే."

వాన కూడా ఆగినట్టనిపించింది.

తర్వాత ఇనుము మూలిగింది. మెల్లగా... చాలా మెల్లగా... ఒక బరువు కిందికి దిగుతున్న చప్పుడు. చివర్లో పెద్ద నిట్టూర్పు. ఆ నిట్టూర్పు గది మొత్తం తిరిగి నా ముఖానికి తగిలి ఆగిపోయింది.

కరెంటు వచ్చింది.

రాణి ఒంటికి చుట్టి ఉంచిన గుడ్డలు నేల మీద కుప్పగా పడి ఉన్నాయి. రాణి కూర్చుని ఉంది. వెనక మట్టితో చేసిన బురుజు రాళ్ళ మీద సరిగ్గా మధ్యలో, రెండు చేతులూ ఒళ్ళో వదిలేసి, మెడ కాస్త వాల్చి. ముఖం పూర్తయింది. అది అక్క ముఖం కాదు. నేను ఎన్నడూ చూడని ముసలావిడ. కళ్ళు మూసుకుని ఉంది.

అక్క బల్ల మీద కర్ర పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

దిగు అక్కా అన్నాను. దిగింది. మామూలుగానే నడిచింది. వాలుకుర్చీ దాకా వచ్చి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ దాని చేతుల మీద ఆనించింది. అలాగే ఆగిపోయింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నా వైపు చూసింది. అక్క భయపడగా చూడ్డం అదే మొదటిసారి.

"కూర్చోవడం ఎలాగో గుర్తు రావడం లేదే, చిన్నీ."

భుజాలు పట్టుకుని కిందికి నొక్కాను. గోడని నొక్కినట్టే ఉంది. మట్టిని పగలగొడితే సరిపోతుందేమో అనిపించి సుత్తి తీసుకున్నాను. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దే. పాపం, ఇప్పుడే కూర్చుంది."

*

మర్నాడు కమిటీ వచ్చింది. నిలబెట్టమంటే కూర్చోబెట్టారేంటని చైర్మన్ గారు గుమ్మంలోనే మొదలుపెట్టి, విగ్రహం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేశారు. పడుకున్నవాళ్ళున్న ఇంట్లోకి వచ్చినట్టు అందరూ గుసగుసలాడుకున్నారు. ఒకాయనకి ఆవలింతలు ఆగలేదు. చివరికి ఇదే ఉంచుదామన్నారు. ఎందుకు ఒప్పుకున్నారో వాళ్ళకే తెలిసినట్టు లేదు. కంచు పోత పోయించి పార్కులో పెట్టారు గానీ, చెక్కించిన రాయి మాత్రం మార్చలేదు. నిద్రపోతున్న ముసలి రాణి, కింద 'అలసట ఎరుగని రాణి'. జనం వచ్చి ఫోటోలు దిగుతున్నారు. ఎవరికీ తేడా తెలియలేదు.

అక్కని చూడని డాక్టరు లేడు. మోకాళ్ళు బాగున్నాయి, నడుము బాగుంది, నరాల వాపు కూడా తగ్గిపోయింది, ఇంకేం కావాలమ్మా అంటారు. అక్క నడుస్తుంది, మెట్లెక్కుతుంది. కూర్చోలేదు, పడుకోలేదు. రాత్రి గోడకి ఆనుకుని కళ్ళు తెరుచుకునే ఉంటుంది. పక్కన మంచం మీద నేను పడుకోవాలి. అదెలా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు. షాపు మానలేదు. మానేసి ఏం చెయ్యను, ఇంట్లో నిలబడనా అంది. యజమాని మురిసిపోయి అక్క ఫోటో షాపు గుమ్మంలో పెట్టించాడు.

అక్క కూర్చోలేకపోవడానికి విరుగుడు ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. అక్క రాణితో అన్న మాటే ఇంకెవరైనా అక్కతో అనాలి. అంతే. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. నేను నోరు తెరిస్తే చాలు అక్క నా మూతి మీద చెయ్యి పెట్టేది. ఆ చెయ్యి చల్లగా ఉండేది.

"ఆ మాట మాత్రం అనకు. నా మీద ఒట్టు. నాకు అలవాటే కదే."

ఒట్టు వేశాను. కానీ రోజు రోజుకీ ఆ ముఖం చూడ్డం కష్టమైంది. ఒంటికి అలసట లేదు గానీ, కళ్ళ వెనక ఎక్కడో మనిషి నలిగిపోతోంది. నాకూ నిద్ర లేదు. అక్క నిలబడి ఉండగా కూర్చుంటే అన్నం గొంతు దిగదు.

నిన్న మధ్యాహ్నం చైర్మన్ గారి ఫోనొచ్చింది. విసుగ్గా ఉన్నారు.

"ఏమ్మా, విగ్రహం వంకరగా బిగించారేంటి? మధ్యలో కదా ఉండాలి. ఓ పక్కకి ఉంది."

బోల్టులు నేనే దగ్గరుండి బిగించాను. కంచు విగ్రహం పక్కకి ఎలా జరుగుతుంది? ఆ మాట ఆయనతో అనలేదు. సాయంత్రం షాపు దగ్గర అక్కని కలుపుకుని పార్కుకి వెళ్ళాను. పొద్దు వాలుతోంది. పార్కులో ఎవరూ లేరు. నీళ్ళు పట్టిన గడ్డి వాసన.

చైర్మన్ గారు చెప్పింది నిజమే. రాణి పక్కకి జరిగింది. బస్సులో ఎవరైనా ఎక్కితే కిటికీ వైపు సర్దుకుంటామే, అలా. రాళ్ళ మీద పక్కనే చోటు ఖాళీగా ఉంది. ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. బోల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అక్క ఆ ఖాళీలో చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"వెచ్చగా ఉందే. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టుంది."

ఎండకి వేడెక్కి ఉంటుందన్నాను. ఆ రోజు ఎండ లేదు. ఇద్దరికీ తెలుసు. అక్క నా వెనక్కి వచ్చి నిలబడింది. నేను రాణి ముఖం వైపు చూస్తున్నాను. ఎంత హాయిగా నిద్రపోతోందో. నా అక్క నిద్ర అది. నా కాళ్ళు లాగుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి, లోపల ఏదో తెగిపోవడానికి సిద్ధంగా ఉంది.

వెనక నుంచి, మెల్లగా, అక్క గొంతు.

"ఇక కూర్చోనా?"

ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అడగని మనిషి. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి. ఒట్టూ గుర్తు రాలేదు, భయమూ గుర్తు రాలేదు. ఏడుస్తూనే అనేశాను.

"నువ్వు కూర్చో అక్కా. నేను నిలబడతాలే."

ఎక్కడో దగ్గర్లో ఒక నిట్టూర్పు వినిపించింది. గడ్డి కాస్త కదిలింది.

తిరిగి చూశాను. అక్క ఎక్కడుందో అక్కడే నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది. రెండు చేతులూ తన నోటికే అడ్డం పెట్టుకుంది.

"నేనేం అనలేదే, చిన్నీ."

చీకటి పడుతోంది. రాణి పక్కన ఉన్న ఖాళీ వైపు మళ్ళీ చూసే ధైర్యం నాకు లేకపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది. చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళినట్టే.

బస్సు ఖాళీగా వచ్చింది. ఎక్కి, కూర్చోవడం ఎలాగో నాకూ గుర్తు రాక, పైన కడ్డీ పట్టుకుని, ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. కండక్టరు టికెట్లు కొట్టి ఇస్తూ మమ్మల్ని వింతగా చూశాడు.

"సీట్లన్నీ ఖాళీయే కదమ్మా," అన్నాడు. "కూర్చోండి."